సోఫాలో ఒకరు, లుంగీలో ఒకరు

నలుపు తెలుపు హాస్య సినిమాలంటే నా చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మమ్మ సొత్తు. సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో మా ఫ్లాటు. కంప్యూటర్ చదువులు చదివిన మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులవి. నాన్న అలాగే వచ్చారు. తర్వాత మా పిన్నికీ ఇక్కడే ఉద్యోగం దొరికి, మాతోనే ఉండేది. ఆమెకు సంబంధం కుదిర్చి గానీ వెనక్కి వెళ్ళేది లేదంటూ అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి దిగింది. పెట్టెలో చీరలకన్నా పాత సినిమాల సీడీలే ఎక్కువ తెచ్చుకుంది.

శనివారం సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అవి పెట్టేది. వాటిలో వంటవాణ్ణి చూసి జమీందారనుకుంటారు, జమీందారుని తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెడతారు. ఒక తలుపులోంచి ఒకరు పోతే ఇంకో తలుపులోంచి ఇంకొకరు వస్తారు. అమ్మమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. నాకేమో ఊపిరాడేది కాదు. "నేను ఫలానా అని చెప్పేస్తే అయిపోతుంది కదా లా" అని విసుక్కునేదాన్ని. బళ్ళో అందరూ చివర 'లా' తగిలించేవారు, నాకూ అదే అలవాటైంది. "చెప్పేస్తే ఎవరో ఒకరి ముఖం చిన్నబోతుందే. అది చూడలేకే వాళ్ళకన్ని తంటాలు" అనేది అమ్మమ్మ.

పిన్నికి అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మొదటివాళ్ళు పిల్ల గట్టిగా నవ్వుతోందన్నారు. ఆమె నవ్వు నిజంగానే గట్టిది, పక్క ఫ్లాటు చైనీస్ ఆంటీ దాకా వినిపించేది. రెండోవాళ్ళు నాన్నను గంటసేపు ప్రశ్నలడిగి, ఆమెను ఒక్క మాటా అడగకుండా లేచి వెళ్ళారు. ఆ తర్వాత పిన్ని ఇంట్లో నవ్వడం మానేసింది. మూడో సంబంధం మాట రాగానే, "ఇదే ఆఖరు. ఇది కూడా కాకపోతే నా పెళ్ళి ఊసు ఎత్తకండి" అంది. అమ్మమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మూడో అబ్బాయి ఉండేది సింగపూర్‌లోనే, పాసిర్ రిస్‌లో. తల్లిదండ్రులు ఇండియాలో ఉన్నారు, ఒక్కడే వస్తానన్నాడు. అతణ్ణి చూసినవారు మా ఇంట్లో నాన్న ఒక్కరే. ఆ ఆదివారం ఆయన ఎదురెళ్ళి తీసుకొస్తానని రైలు స్టేషన్‌కి వెళ్ళారు. అమ్మ వంటింట్లో గారెలు వేస్తోంది, పిన్ని గదిలో చీర కట్టుకుంటోంది. అంతలో బెల్ మోగింది.

నేను తలుపు తీశాను. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో ఒక పొట్లం. నా వెనకే వచ్చిన అమ్మమ్మ "రా బాబూ రా" అంటూ చెయ్యిపట్టి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. వెంటనే గారెలూ బూరెలూ వచ్చాయి. ఆయన పొట్లం ఇవ్వబోతే, "అవన్నీ ఎందుకు నాయనా, ముందు తిను" అంది.

"ఆఫీసు దూరమా బాబూ?"

"దూరమేనమ్మా. కంపెనీవోళ్ళే బండి పంపిత్తారు."

అమ్మమ్మ వంటింటి వైపు గర్వంగా చూసింది. "మరి ఇల్లో?"

"అదీ కంపెనీదేనమ్మా."

"అంత ఇంట్లో ఒక్కడివే ఉంటావా?"

"నేదమ్మా, గదికి పన్నెండుమందిమి. తువాస్‌లో ఓడలకి వెల్డింగ్ సేత్తాను. మీ తమ్ముడుగారిది మా పక్కూరే. సెలవకెల్తే మీకిమ్మని మామిడితాండ్ర పంపేరు."

అమ్మమ్మ చేతిలోని బూరెల పళ్ళెం గాల్లోనే ఆగింది. సినిమాల్లో చూసినదంతా మా హాల్లోకి వచ్చేసిందనుకున్నాను. ఆయనకు ఇవేమీ తెలియదు. బూరె తుంచుకుంటూ, "ఈ దేశం వొచ్చేక ఒకలింట్లో కూకుని తినడం ఇదే మొదలమ్మా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అమ్మమ్మ నా నోట్లో గారె కుక్కి, ఆయన పళ్ళెంలో ఇంకో రెండు బూరెలు వేసింది. "కడుపునిండా తిను నాయనా. ఇది నీ ఇల్లే అనుకో" అంది. ఆమె గొంతు ఏమీ మారలేదు.

బయట వాన దంచుతోంది. మళ్ళీ బెల్. ఈసారి గుమ్మంలో ఒక బక్కపల్చటి మనిషి, తలనుంచి కాళ్ళదాకా తడిసి, మసకబారిన కళ్ళజోడుతో నిలబడ్డాడు. స్టేషన్లో నాన్న ఒక దారిలో నిలబడితే తను ఇంకో దారిలో బయటికొచ్చి, ఫ్లాట్ల బ్లాకులన్నీ వెతుక్కుంటూ వచ్చాడట. అందరి చేతుల్లోనూ ఫోన్లుండే కాలం కాదు. అమ్మమ్మ అతణ్ణి తిన్నగా వంటింట్లోకి లాక్కెళ్ళింది. అమ్మ నిర్ఘాంతపోయి చూస్తుండగా తువ్వాలు, నాన్న లుంగీ, చొక్కా చేతికిచ్చి మెల్లగా చెప్పింది. "బాబూ, నీ చోట్లో ఇంకొకరు కూర్చున్నారు. తప్పు నాది, ఆయనది కాదు. తినే మనిషిని లేపలేను. కాసేపు కంప్యూటర్ బాగుచేసే అబ్బాయిలా ఉంటావా?"

అతను ఆమెను ఒక క్షణం చూశాడు. "దానికేముందండీ, నేను చేసేదీ దాదాపు అదే పని" అన్నాడు. లుంగీ కట్టుకుని హాల్లోకి వచ్చి, మూలనున్న మా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అప్పుడే పిన్ని కాఫీ తెచ్చింది. సోఫాలో ఉన్నాయనకు తలెత్తకుండా కప్పు అందించింది. తిరిగి చూసేసరికి లుంగీ మనిషి వైరొకటి లాగుతున్నాడు.

"అది తీయకండి. రెండు రాత్రుళ్ళు కూర్చుని పెట్టుకున్నాను."

"ఇలా పెడితే ఎలా పనిచేస్తుందండీ?"

"పొద్దున బాగానే పనిచేసింది. మీరు ముట్టుకున్నాకే ఆగింది."

పెళ్ళిచూపుల సంగతే మరిచిపోయి పిన్ని కొంగు దోపుకుని అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి చూస్తే గోడ దగ్గర స్విచ్చి ఆపేసి ఉంది. నేనే ఆపానో, వంగి తుడుస్తూ అమ్మ ఆపిందో ఎవరికీ తెలియదు. పిన్ని పగలబడి నవ్వింది. ఎన్నో నెలల తర్వాత ఆ నవ్వు మళ్ళీ ఫ్లాటంతా నిండింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. సోఫాలో ఉన్నాయన అమ్మమ్మ వైపు వంగి, "ఆల్లిద్దరికీ జోడీ బాగుందమ్మా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నాన్న గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చారు. "స్టేషనంతా వెతికాను, పెళ్ళికొడుకు జాడే లేదు" అంటూనే కంప్యూటర్ వైపు చూసి ఆగిపోయారు. "మీరెప్పుడొచ్చారండీ? నా లుంగీలో ఉన్నారేమిటి?"

సోఫాలోని తువాస్ అంకుల్ లుంగీ మనిషిని చూశాడు, పిన్ని పట్టుచీర చూశాడు, తన పళ్ళెం చూసుకున్నాడు. అంతా అర్థమైంది. ముఖం ఎర్రబడింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి, "తప్పయిపోనాదండి, నాకు తెల్దు" అంటూ తలుపువైపు నడిచాడు. అమ్మమ్మ ఇంతసేపూ పడ్డ తంటాలన్నీ వృథా అయిపోయాయని నాకు ఏడుపొచ్చింది.

పెళ్ళికొడుకు లేచి ఆయనకు అడ్డం వెళ్ళాడు. "మీరు వెళ్ళిపోతే ఎలాగండీ? మా అమ్మానాన్నా ఇక్కడ లేరు. పెళ్ళిచూపులకు వెంట పెద్దవాళ్ళెవరూ లేకుండా వచ్చాను. మీకు అభ్యంతరం లేకపోతే నా తరఫున మీరు మాట్లాడండి" అన్నాడు. ఆ మాట తమాషాకి అన్నది కాదు. చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

అంకుల్ అతని ముఖంలోకి చూశాడు. తర్వాత వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చి, అదే సోఫాలో, ఈసారి నిటారుగా కూర్చున్నాడు. నాన్నను ఏమీ అడగలేదు. పిన్ని వైపు తిరిగి, "అమ్మా, ఈ బాబు నీకు నచ్చేడా?" అని అడిగాడు.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు. పిన్ని అతణ్ణీ, మోకాళ్ళ పైకి పోతున్న నాన్న లుంగీనీ చూసి, "నచ్చారండీ. కానీ కంప్యూటర్ జోలికి రానివ్వను" అంది. అమ్మమ్మ కూర్చున్నచోటే చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఆమె గుండెలమీంచి బరువు దిగడం నాకు కంటికి కనిపించినట్టే అనిపించింది. ఆ సాయంత్రం మిగిలిన గారెలన్నీ అందరం నేలమీద కూర్చుని తిన్నాం.

ఆ లుంగీ మనిషే మా బాబాయి. పెళ్ళిపీటల దగ్గర అతని వైపు పెద్దల్లో తువాస్ అంకుల్ కూడా కూర్చున్నాడు.

ఇప్పుడు నాకూ పెద్దరికం వచ్చింది. పెళ్ళిళ్ళూ విందులూ, పదిమంది కూర్చునే చోట్లన్నీ నా చేతిమీదుగా నడుస్తుంటాయి. పిలవని మనిషో, పొరపాటు పడ్డ మనిషో వచ్చి కూర్చున్నప్పుడు, నిజం చెప్పేయాలని నాకు ఇప్పటికీ నాలుక దురదపెడుతుంది. చెప్పాల్సిందే, కాదనను. అయితే దానికి ముందు, ఆ మనిషి లేవాల్సిన అవసరం లేకుండా ఆ చోటు అతనిదే అయ్యే దారి ఏదైనా ఉందేమోనని వెతుకుతాను. వెతికితే చాలాసార్లు దొరుకుతూనే ఉంది.