సమాధుల జాబితా ఉన్న పాత కంప్యూటరు

గుణదలలోని మా ఇంట్లో మెట్ల కింద గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొన్నది. చర్చి కమిటీకి కార్యదర్శిగా పనిచేసినప్పుడు మా సమాధుల తోట రిజిస్టరు మొత్తం దానిలోకి ఎక్కించాను. ఏ వరస, ఏ నంబరు, ఎవరు, ఏ తేదీ. తర్వాత దానికి గుడ్డ కప్పేశాను గానీ, నెలకోసారి అది ఆన్ అవుతోందో లేదో చూడడం మానలేదు. చూసినట్టు డైరీలో రాసుకునేవాణ్ణి.

బుడమేరు పొంగినప్పుడు చర్చి ఆఫీసు గదిలో నడుం లోతు నీళ్లు నిలిచి, కాగితం రిజిస్టరు ముద్దయిపోయింది. ఈ ఏడు తోటలో చోటు చాలక, వెనక వరసలో ఎవరూ అడగని పాత సమాధుల చోటును మళ్లీ వాడతామని కమిటీ ప్రకటించింది. నంబరు చెప్పి, మాదేనని రాయించుకున్నవాటిని ముట్టుకోరు. గడువు నవంబరు రెండు, సమాధుల పండుగ.

ఆ ప్రకటన విన్న ఆదివారమే మా అక్క వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె తొలిచూలు బిడ్డ పుట్టిన రెండో రోజునే పోయాడు. జ్ఞానస్నానం కాలేదు, పేరు పెట్టలేదు. బాలింత గడప దాటకూడదని ఆమెను మంచం మీదే ఉంచి, బావగారు మరో ఇద్దరితో వెళ్లి పూడ్చి వచ్చారు. చోటు ఎక్కడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇప్పుడు ఆయన కూడా లేరు.

"నీ పెట్టెలో ఉందా వాడి నంబరు?" అంది అక్క.

"రిజిస్టరంతా ఎక్కించానక్కా. ఉండాలి."

"తిన్నదీ తాగిందీ కూడా రాసుకుంటావు గదరా. ఇదొక్కటీ చూసి చెప్పు."

కంప్యూటరు ఆన్ అయింది. జాబితా ఫైలు కనిపించింది. దాన్ని తెరిచే ప్రోగ్రాము మాత్రం పాడైపోయింది. ఫైలును కొత్త కంప్యూటరులోకి తీసుకెళ్లి తెరవాలి. ఫ్లాపీ పనిచేయదు, పెన్‌డ్రైవు పెట్టే చోటే లేదు. కంప్యూటరు ఫోటోలు ఫోనులో తీసుకుని, వన్ టౌన్‌లో పాత సామాను అమ్మే ఒక కొట్టుకు వెళ్లాను.

"మా నాన్న కాలం నాటిదండీ ఇది" అన్నాడు కొట్టతను. "డిస్కు ఊడదీయమంటే తీస్తాను. మళ్లీ తిరుగుతుందని మాత్రం చెప్పలేనండీ."

"అయితే వద్దు."

"మరి నెట్‌వర్కు కార్డు పెట్టుకోండి. మీ ఇంట్లో ఇంటర్నెట్ డబ్బా ఉంటుంది గదా, దానికి వైరు లాగొచ్చు." గోనెసంచి కుమ్మరించి ఒక కార్డు ఏరి ఇచ్చాడు.

కార్డు బిగించి, మెట్ల కింది నుంచి హాల్లోని రౌటరు దాకా వైరు లాగాను. కార్డు మీది చిన్న దీపం వెలగలేదు. కార్డు తీసి, దాని రాగి అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. వెలిగింది. నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉండాలని చదివి, నేనే ఒకటి ఇచ్చాను. రెండు నిమిషాల్లో మా కోడలు గదిలోంచి బయటికి వచ్చింది. ఆమెది ఇంటి నుంచి చేసే ఉద్యోగం.

"మావయ్యగారూ, నా మీటింగు పోయింది! ఏం చేశారు?"

"పాత కంప్యూటరుకి నంబరు ఇచ్చానమ్మా."

"ఏ నంబరు?"

"మొదట్నుంచీ రావాలి గదా అని, చివర ఒకటి పెట్టాను."

"అది రౌటరుది మావయ్యగారూ! ఇంటాయన కుర్చీలో చుట్టాన్ని కూర్చోబెట్టారు." నవ్వుతూనే దాన్ని యాభైకి మార్చింది.

కొత్త ల్యాప్‌టాపు ఆ పాత యంత్రంతో నేరుగా ఫైళ్లు పంచుకోవడానికి ఒప్పుకోలేదు. ఫైళ్లు అందుకునే చిన్న ప్రోగ్రాము ఒకటి కోడలు ల్యాప్‌టాపులో పెట్టింది. నేను ఇటు ఒక్కొక్క ఆజ్ఞా టైపు చేశాను. నాలుగు రోజులు తిప్పలు పెట్టిన ఫైలు కన్ను మూసి తెరిచేలోగా అటు చేరింది.

బావగారి పేరుతో వెతికాం. లేదు. ఇంటిపేరుతో వెతికాం. పెద్దవాళ్లే వచ్చారు. నంబర్ల వరసన పేర్చి, అక్క ప్రసవించిన నెల దగ్గర ఆగాను. అక్కడ వరసగా మూడు నంబర్లు లేవు.

నేను లేచి వెళ్లి, రిజిస్టరు ఎక్కించిన ఏడాది డైరీ తీశాను. నా చేతిరాతే. 'పేరు గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాము తీసుకోవడం లేదు. పేరు లేనివి వదిలేశాను. పని పూర్తయింది.' పూర్తయింది అన్న మాట కింద గీత కూడా గీశాను. 'శిశువు' అని రాసినా తీసుకునేది. ఆ రోజు నాకు తోచలేదు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి అంతా చెప్పాను.

"ఎందుకు వదిలేశావురా?"

"పేరు లేదనక్కా."

"పేరు పెట్టేదాకా ఉండలేదు గదరా వాడు" అంది.

మళ్లీ ఆమే అడిగింది. "ఎన్ని ఖాళీలన్నావు?"

"మూడు. మూడూ పసివాళ్లవే అయ్యుండాలి."

"మూడూ నా పేరున రాయించు."

"ఒక బిడ్డకి మూడు చోట్లంటే కమిటీ ఒప్పుకోవద్దా?"

"ఒప్పుకోకపోతే, వదిలేసింది నువ్వేనని చెప్పు."

దరఖాస్తులో మొదటి వాక్యం అదే రాశాను. కంప్యూటరులోని జాబితా అంతా వెతికి, అలాంటి ఖాళీ నంబర్లన్నీ ఇంకో కాగితం మీద రాసి జతచేశాను. ఇప్పటి కార్యదర్శి రెండుసార్లు చదివి, "వీటిని ముట్టుకోం లెండి" అన్నారు. ఆయన నన్నేమీ అనకపోవడం నాకు తేలికగా అనిపించలేదు.

పండుగ రోజు మధ్యాహ్నం అక్కను తీసుకుని వెనక వరసకు వెళ్లాను. అక్కడ రాళ్లు లేవు. ప్రహరీ గోడ మీద తారుతో వేసిన నంబర్లే గుర్తు. మూడు చోట్లా గడ్డి పీకించి సున్నం చల్లించాను. అక్క నా భుజం పట్టుకుని వంగి, మొదటి చోట కొవ్వొత్తి నిలబెట్టి శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత రెండోచోట, మూడోచోట. ఎక్కడా ఎక్కువసేపు ఆగలేదు, ఎక్కడా తక్కువసేపు ఆగలేదు. గాలికి రెండోది ఆరిపోతే, వెనక్కి నడిచి మళ్లీ తనే వెలిగించింది.