బార్నబే తాతకు అందరూ బ్లోలే

బార్నబే తాతకు లోకమంతా ‘బ్లో’యే. ఫ్రాన్సులోని మా ఒవెర్న్ కొండల్లో ఆ మాటకు నీలం అని అర్థం. ఆయన నోట్లో పడితే మాత్రం దానికి హద్దుండదు. నీలి బూజు పట్టిన మా చీజు బ్లో. ఆదివారం ప్రార్థనకు కూడా విప్పని పని బట్టలు బ్లో. ఓసారి మోకాలు గోడకు తగిలి కమిలితే, “చూశారా, ఎంత చక్కటి బ్లో పూసిందో!” అని పంట్లాం మడిచి ఫాదరుగారికే చూపించాడు.

భోజనాల దగ్గర మరీను. మాంసం బ్లోగా కావాలంటాడు. అంటే పెనానికి ఇలా చూపించి అలా తీసేయాలి.

“తాతా, ఇది ఇంకా అంబా అంటోంది” అన్నాను.

“అననీ. నీ కబుర్లకంటే అదే నయం. తిను, బ్లో!”

ఆ చివరి బ్లో నేను. పనికి కొత్తగా వచ్చినవాళ్లనూ అలాగే పిలుస్తారు. చీజు మాగబెట్టే నేలమాళిగలో ఆయన కింద పనికి చేరి నాకు పదకొండేళ్లు నిండాయి. అయినా బ్లోనే.

భర్త పోయిన సొలాంజ్, ఇద్దరు పిల్లల తల్లి, మా దగ్గర పనికి చేరింది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. గడువు ముగిసే రోజు పొద్దున్నే నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“తాతా, నాకు నలభై రెండేళ్లు. నాకో పేరుంది. సొలాంజ్.”

“మంచి పేరు. ఆ చీజులు తిప్పు, బ్లో.”

మధ్యాహ్నం యజమానురాలు విదలాంక్ మేడమ్ తనిఖీకి దిగింది. బోలు కమ్మీ గుచ్చి ఒక చీజు దిమ్మలోంచి ముక్క తీసింది. పాలలా తెలుపు. పక్కదీ తెలుపే. మొత్తం ఆరు దిమ్మలు! ఎవరో వాటిని సూదులతో పొడవడం మరిచారు. లోపలికి గాలే చొరకపోతే నీలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

సొలాంజ్ ముందుకొచ్చింది. “నేనే మేడమ్. ఆ వరుస అయిపోయిందనుకున్నాను.”

మా నేలమాళిగలో ఓ ఆచారం ఉంది. పని నేర్పినవాడు ‘బ్లో’ అన్నంతకాలం, నేర్చుకునేవాళ్ల తప్పు అతనిదే. పాడైన చీజును అతనే ఇంటికి మోసుకుపోయి తినాలి.

మేడమ్ తాత వైపు తిరిగింది. “ఈమె ఇంకా బ్లోయేనా, బార్నబే?”

“ఇంకానా? పచ్చి బ్లో! పొడవడం నేనే సరిగా చూపించలేదు.”

“మూడు నెలలైందయ్యా!”

“ఇదిగో, దీనికి పదకొండేళ్లయింది. ఏం, పనికి రాకుండా పోయిందా?” అని తాత నన్ను చూపించాడు.

మేడమ్ నవ్వాపుకుంటూ సొలాంజ్ ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టింది. ఇన్నేళ్లలో నేను చెడగొట్టిన దిమ్మలన్నీ ఎవరి కడుపులోకి పోయాయో నాకప్పుడు తట్టింది. ప్రభువా, ఆ పిలుపుకి ఎంత గొణుక్కున్నాను!

ఆరు దిమ్మలు ఒక్క మనిషి తినగలడా? ఆ వేసవంతా ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే సొలాంజ్, పిల్లలు, నేను ఆయన బల్ల చుట్టూ చేరేవాళ్లం. తెల్ల ముక్క నోట్లో పెట్టుకుని తాత చేదుమందు మింగినట్టు మొహం పెట్టేవాడు.

“ఇది చీజా? గోడకు కొట్టే సున్నం!”

“అయితే మానెయ్ తాతా” అన్నాను.

“నువ్వూరుకో. పిల్లలకి ఇంకో ముక్క కొయ్యి.”