ఉప్పాడలో నేను ఎంచిన చీర

నేను ఏడో తరగతి చదువుతున్న రోజులవి. మాది తణుకు. అమ్మ పోయి అప్పటికి ఏడాది. వేసవి సెలవుల్లో ఒకరోజు నాన్న తన స్నేహితుడి అంబాసిడర్ కారు అడిగి తెచ్చి, "సముద్రం చూద్దువుగాని, రామ్మా" అన్నారు. మేమిద్దరమే బయలుదేరాం.

కాకినాడ దాటాక రోడ్డు పక్కనే సముద్రం! అంతవరకు కాలవలూ వరిచేలూ తప్ప ఎరగనిదాన్ని, ఆనందం పట్టలేక కేకలు వేశాను. రాళ్ళకు కొట్టుకున్న కెరటాల తుంపర కార్లోకి వచ్చి మొహం మీద పడుతుంటే నాన్న కూడా నవ్వారు. అమ్మ పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

ఉప్పాడలో ఒక నేతవారి ఇంటి ముందు కారు ఆపారు. చీరలు తీయించి, "నీకేది నచ్చిందమ్మా?" అని అడిగారు. మా అత్తయ్య కోసమనుకుని గంధం రంగు చీర చూపించాను.

"పాప ఎంపిక బాగుందండి. పీటల మీద పెళ్ళికూతురికి కళగా ఉంటుంది" అంది ఆ ఇంటావిడ.

"ఏ పెళ్ళికూతురు నాన్నా?" అన్నాను.

నాన్న తల దించుకున్నారు. "ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నానమ్మా. వచ్చేవారం అన్నవరంలో నా పెళ్ళి. నీకో అమ్మ కావాలి కదా."

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో పడుకుని కళ్ళు మూసుకున్నాను. "అమ్మలూ, సముద్రం చూడవేంటి?" అని ఆయన పిలిస్తే మొహం సీటు వైపు తిప్పుకున్నాను.

వచ్చిన పిన్ని మంచిదే. నన్ను బాగా చూసుకుంది. నాన్న ముందే అడిగి ఉంటే ఏడ్చైనా ఒప్పుకునేదాన్ని. అంతగా మురిపించి, ఆ చీర నా చేతే ఎంపిక చేయించారన్న బాధ మాత్రం ఇన్నేళ్ళైనా పోలేదు.