లాండ్రీ అన్నయ్యగారి అసలు చెల్లెలు

లాండ్రీ అన్నయ్యకి ఉన్న జబ్బు ఒక్కటే. మనిషి కనబడితే చాలు, వరస కలిపేస్తాడు.

దానికి ఆయనకి అయిదు నిమిషాలు ఎక్కువ. మాసిన చొక్కా పట్టుకుని కొట్లోకి వచ్చినవాడు, ఉతికిన చొక్కా పట్టుకుని వెళ్ళేసరికి బావో, బాబాయో, మేనల్లుడో అయిపోయి వెళ్తాడు. ఒకసారి ట్రాఫిక్ పోలీసు జరిమానా రాయడానికి వస్తే "ఏం మావయ్యా, ఎండలో అలా నిలబడిపోయావు?" అన్నాడట. పోలీసు జరిమానా మానలేదు గాని, రాసి చేతికిచ్చి "వస్తానల్లుడూ" అని మరీ వెళ్ళాడట. పన్ను పీకించుకోవడానికి కుర్చీలో పడుకుని, నోటినిండా దూది కుక్కించుకుని కూడా డాక్టరుగారిని "వదినగారూ" అనగలిగిన మనిషి. ఆయనకి పెళ్ళి కాకపోవడానికీ ఇదే కారణం. నచ్చిన అమ్మాయిని మాట్లాడించిన మొదటి నిమిషంలోనే చెల్లెమ్మని చేసేసుకుంటే ఇంక పెళ్ళెలా అవుతుంది?

కొట్లో బట్టల మూటలకి అంకెలు వెయ్యమంటే ఆయనకి గిట్టదు. ప్రతి మూటకీ ఒక గుడ్డముక్క కుట్టి, దానిమీద చెరగని సిరాతో వరస రాస్తాడు. బస్సు బాబాయి. నర్సు చెల్లెమ్మ. మూడో అంతస్తు పిన్ని. మూడో అంతస్తులో పిన్నులు ఇద్దరున్నారు కాబట్టి ఒకరి దుప్పట్లు ఇంకొకరి మంచం ఎక్కేవి. ఏడాదిపాటు దుప్పట్లు మార్చుకోవడానికి ఒకరింటికొకరు తిరిగి, ఆ పిన్నులిద్దరూ ప్రాణస్నేహితులైపోయారు.

ఇదంతా చూసి వీధి వీధంతా ముచ్చటపడేది. ఒళ్ళు మండేది ఒక్క మనిషికే. ఆవిడ ఆయన అసలు చెల్లెలు.

వరస కలిపిన చెల్లెలు కాదు, ఒకే తల్లి కడుపున పుట్టిన చెల్లెలు. భర్త పోయాక అన్నగారు కాగితాలు పెట్టి పిలిపించుకుంటే ఏడేళ్ళ క్రితం ఈ దేశం వచ్చింది. కొట్లోనే తెర వెనక కుట్టుమిషను వేసుకుని, చిరిగినవి కుడుతూ, పొడుగైనవి కురచ చేస్తూ ఉంటుంది. శాశ్వతంగా ఇక్కడే ఉండటానికి పెట్టుకున్న దరఖాస్తు ఆ ఏడేళ్ళనుంచీ క్యూలోనే ఉంది. అది తేలేదాకా ఏడాదికోసారి తాత్కాలిక అనుమతి పొడిగించుకోవాలి.

ఆవిడ కడుపుమంట ఏమిటంటే, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆయనకి చెల్లెమ్మలు. తను మాత్రం "ఒసేయ్".

తెరకి ఇవతల, "రా చెల్లెమ్మా, కూర్చో. నైట్ డ్యూటీ నుంచేనా? కళ్ళు అలా గుంటలు పడ్డాయేం తల్లీ?"

తెరకి అవతల, "ఒసేయ్, గుండీల డబ్బా ఎక్కడ తగలేశావు?"

"నన్ను కూడా ఒకసారి చెల్లెమ్మా అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని అడిగింది ఒకరోజు.

"నిన్నెందుకే అలా అనడం? నువ్వు నాకు తెలుసుగా," అన్నాడాయన, అదేదో పెద్ద సమాధానమైనట్టు.

దానికి తోడు ఆ ఫోను. రోజులో ఎప్పుడు మోగుతుందో తెలియదు. మోగిందంటే ఈయన "ఎక్కడున్నావు? కదలకు, వచ్చేస్తున్నా" అని, చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలేసి చెప్పులు వేసుకుంటాడు. చేస్తున్న పని ఇస్త్రీ అయితే, పెట్టె బట్టమీదే ఉండిపోతుంది. ఏడేళ్ళలో అసలు చెల్లెలు మాసికలు వేసిన ఇస్త్రీపెట్టె ఆకారపు కంతలు ఇన్నీ అన్నీ కావు. ఒక్కో కంతకీ మాసిక వేస్తూ, "ఈసారి ఏ చెల్లెమ్మకి ముల్లు గుచ్చుకుందో!" అని దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపేది.

అలాంటి రోజుల్లో చట్టసభలో కొత్త బిల్లు వచ్చింది.

బిల్లులో చెప్పింది చిన్న ముక్క. ఇకమీదట ఈ దేశంలో కుటుంబం అంటే భార్య, భర్త, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు. తల్లిదండ్రులూ తోబుట్టువులూ కుటుంబం కారు. వాళ్ళని పిలిపించుకోవడానికి వీల్లేదు, ఇప్పటికే క్యూలో ఉన్న దరఖాస్తులు కూడా రద్దు. అంటే అసలు చెల్లెలు ఈసారి అనుమతి గడువు అయ్యేలోగా పెట్టె సర్దుకోవాలి. ఆ వార్త విన్నప్పుడు ఆవిడ మిషను తొక్కుతూనే ఉంది. సూది వేల్లో దిగినా తెలియలేదు.

బిల్లుని ఎదిరించడానికి ముందు నడుం కట్టింది ఆ వీధిలోనే ఉండే లాయరుగారు. హాలు మాట్లాడి, మైకు పెట్టించి, రంగుకాగితాల మీద కరపత్రాలు అచ్చువేయించి సభ పెట్టాడు. తొమ్మిదిమంది వచ్చారు. అందులో ఇద్దరు మైకు వాళ్ళు.

మర్నాటినుంచి లాండ్రీ అన్నయ్య రంగంలోకి దిగాడు. ఇస్త్రీ చేసిన ప్రతి చొక్కా జేబులోనూ సంతకాల కాగితం మడిచి పెట్టాడు. సంతకం చెయ్యకుండా చొక్కా తొడుక్కుంటే గుండెలమీద గరగరలాడేలా మడిచాడు. సాయంకాలాలు శుభలేఖలు పంచేవాడిలా ఇంటింటికీ వెళ్ళి "బావగారూ, బిల్లు మీద జనం మాట వినే విచారణ రోజున మీరు రాకపోతే నా తల కొట్టేసినట్టవుతుంది. అక్కయ్యనీ పిల్లల్నీ కూడా తీసుకురండి," అని చెప్పాడు. రెండోవారానికి లాండ్రీలో కాలుపెట్టడానికి చోటు లేదు. బట్టల గుట్టలమీద కూర్చుని మీటింగులు.

లాయరుగారు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. తెర దగ్గరికొచ్చి, "నేను ఇరవయ్యేళ్ళుగా చట్టం చదువుతున్నానమ్మా. మీ అన్నయ్యగారి దగ్గర నా దగ్గర లేనిదేముంది?" అని అడిగాడు.

"నోరు," అంది అసలు చెల్లెలు.

బస్సు బాబాయికి ఇంకో బాధ. "నన్ను బాబాయన్నాడు సరే, ఆ రొట్టెల కొట్టువాణ్ణి పెదనాన్న అన్నాడేం? నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు!" అని రెండు మీటింగులు అలిగి బయట నిలబడ్డాడు. ఆయన్ని తాతయ్యగా ప్రమోషనిచ్చి లోపలికి తీసుకురావలసి వచ్చింది.

ఇంతమందికి ఇన్ని కోపతాపాలుండగా అసలు చెల్లెలి బాధ ఎవరికి పట్టింది? విచారణలో చెప్పడానికి కష్టసుఖాలన్నీ పోగుచేశారు. బస్సు తాతయ్య తల్లి కథ రాసుకున్నారు. నర్సు చెల్లెమ్మ తమ్ముడి కథ రాసుకున్నారు. లాండ్రీ అన్నయ్య తన చేత్తో పన్నెండు కథలు రాశాడు. ఆవిడ తెర సందులోంచి లెక్కపెట్టింది. పదమూడోది లేదు.

అందరూ వెళ్ళాక తెర విసురుగా లాగింది.

"ఊళ్ళోవాళ్ళందరి కథలూ రాశావు. మరి నాది?"

"నీదేముందే రాయడానికి?" అన్నాడాయన, ముఖం ఇస్త్రీబల్ల వైపు తిప్పుకుని.

"ఏముందా? పంపేస్తే పోయేదాన్ని నేను! నర్సు తమ్ముడు ఇంకా విమానమే ఎక్కలేదు, వాడి గురించి మూడు పేజీలు రాశావు!"

"ఒసేయ్, అరవకు. చొక్కా మాడిపోతోంది."

"మాడనీ! మాసిక వేసేది నేనేగా!" అని తెర మూసేసింది. ఆ వారమంతా అన్నాచెల్లెళ్ళు తెరకి ఇటొకరూ అటొకరూ ఉండి, తెరతోనే మాట్లాడుకున్నారు.

విచారణ రోజు పొద్దున్నే లాయరుగారు పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

సంగతి ఏమిటంటే, ఈ దేశానికి వచ్చేవాళ్ళు నింపవలసిన ఫారంలో ఒక గడి ఉంటుంది. అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి, వారు మీకు ఏమవుతారు అని. బిల్లు తెచ్చినవాళ్ళు రికార్డులన్నీ తిరగేసి కనిపెట్టింది అదే. మూడువందల పన్నెండు ఫారాల్లో ఆ గడిలో ఒకే మనిషి పేరుంది. నూట నలభైమందికి అన్నయ్య. తొంభైమందికి తమ్ముడు. మిగిలినవాళ్ళకి మావయ్య, బాబాయి, పదకొండుమందికి స్వయానా బావమరిది. "ఒక్క మనిషిని రానిస్తే వెనకాల మూడువందల పన్నెండుమంది బంధువులు!" అని పెద్ద పెద్ద అక్షరాలతో పడింది.

"బిల్లు నెగ్గడానికి మీరొక్కరు చాలండి," అని లాయరుగారు తల పట్టుకుని బట్టల గుట్టమీద కూలబడ్డాడు.

"నీ వరసల పిచ్చి చివరికి నా కొంపే ముంచింది కదరా అన్నయ్యా!" అంది అసలు చెల్లెలు. ఆయన జీవితంలో మొదటిసారి ఎవరినీ ఏ వరసా పెట్టి పిలవకుండా, కొట్టుకి గొళ్ళెం పెట్టి విచారణకి నడిచాడు.

విచారణ హాలు కిక్కిరిసి ఉంది. అందరూ ఇస్త్రీ మడత నలగని బట్టల్లో వచ్చారు. బిల్లు తరఫు సభ్యుడు పేపరు ఊపి ఊపి మాట్లాడాక, విచారణ సంఘం అధ్యక్షురాలు కళ్ళజోడు సవరించుకుని, "ఈ మూడువందల పన్నెండుమందిలో ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

హాల్లో సగం లేచి నిలబడింది. అధ్యక్షురాలు నర్సుని చూపించి, "ఈయన మీకు నిజంగా అన్నయ్యేనా?" అంది.

"కాదండి," అంది నర్సు. "ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం తీసుకునేది లేదన్నారు. నాకిక్కడ ఎవరూ లేరు. కౌంటర్ దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. వెనకనుంచి ఎవరో 'నా నంబరు రాసుకో చెల్లెమ్మా' అన్నారు. ఏమవుతారని రాయనండీ అంటే 'అన్నయ్య అని రాయి, దాందేముంది' అన్నారు. నిరుడు డ్యూటీలో నేను పడిపోతే ఆస్పత్రివాళ్ళు ఆ నంబరుకే ఫోను చేశారు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ వచ్చేశారు. చేతిలో ఒకరి ప్యాంటు కూడా ఉంది."

"ఆ ప్యాంటు నాదే!" అని వెనకనుంచి బస్సు తాతయ్య గర్వంగా అరిచాడు.

అసలు చెల్లెలికి ఆ ప్యాంటు గుర్తుంది. రెండోకాలికి ఇస్త్రీపెట్టె ఆకారంలో కంత పడింది. మోకాలి దగ్గర మాసిక వేసింది తనే. ఆ రోజు తను ఎన్ని మాటలందో కూడా గుర్తొచ్చి, ఆవిడకి కూర్చున్న కుర్చీ గుచ్చుకుంది.

బిల్లు తరఫు సభ్యుడు నవ్వాడు. "కట్టుకథలు ఎన్నైనా చెప్పొచ్చు."

అధ్యక్షురాలు ముందున్న ఫారంలోంచి నంబరు చూసి, తన ఫోను తీసి నొక్కింది. ముందువరసలో లాండ్రీ అన్నయ్య జేబు మోగింది. పొద్దుటినుంచీ తల దించుకుని కూర్చున్న మనిషి, ఎక్కడున్నదీ మర్చిపోయి, అలవాటుగా ఫోను చెవిన పెట్టుకుని లేచేశాడు.

"ఎవరమ్మా? ఎక్కడున్నావు? భయపడకు, కదలకు, వచ్చేస్తున్నా!"

గుమ్మందాకా వెళ్ళాడు కూడా.

"వెనక్కి తిరగండి," అంది అధ్యక్షురాలు ఫోన్లోనే. "ఎదురుగానే ఉన్నాను."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు అణగడానికి రెండు నిమిషాలు పట్టింది. అధ్యక్షురాలు తనూ నవ్వాపుకుని అడిగింది, "ఒక్క మాట చెప్పండి. మీరు నిజంగా కాగితాలు పెట్టి పిలిపించుకున్నది ఎంతమందిని?"

లాండ్రీ అన్నయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. గోడతోనైనా వరస కలిపి మాట్లాడే మనిషికి మాట రాకపోవడం ఆ ఊరు చూడటం అదే మొదలు.

"ఒక్కర్తినండి," అన్నాడు చివరికి. "అదిగో. నా చెల్లెలు."

అసలు చెల్లెలు ఇంకెవరి గురించో అనుకుని పక్కనున్న నర్సు వైపు చూసింది. నర్సు మోచేత్తో పొడిచింది.

"అందరి గురించీ రాశానండి," అన్నాడాయన. "దీని గురించి రాద్దామని కూర్చుంటే కలం కదలదు. నేనొచ్చిన కొత్తలో ఆ గడిలో రాయడానికి నాకెవరూ లేరు. బతిమాలి ఖాళీగానే ఇచ్చాను. పదకొండేళ్ళు ఖాళీగానే ఉంది. ఇది వచ్చాక నింపాను. ఈ మూడువందలమందీ నా పేరు రాసుకున్నారు, సంతోషం. దీన్ని పంపేస్తే నేనెవరి పేరు రాసుకోనండి?"

అధ్యక్షురాలు ఆయన ఫారం తెప్పించి చూసింది. ఆ గడిలో ఒక్క పేరే ఉంది, చెరగని సిరాతో.

ఆ సాయంకాలానికి క్యూలో ఉన్న దరఖాస్తుల్ని రద్దుచేసే ముక్క బిల్లులోంచి తీసేశారు. మిగతాదాని మీద ఇంకా ఆలోచించాలని వాయిదా వేశారు. లాయరుగారు తన వాదనవల్లే నెగ్గామని నమ్ముతున్నాడు. ఎవరూ కాదనలేదు.

మర్నాడు పొద్దున్న లాండ్రీ అన్నయ్య కొట్టు తెరిచి, గొంతు సవరించుకుని, తెర దగ్గర నిలబడి చాలా మర్యాదగా అన్నాడు. "చెల్లెమ్మా, గుండీల డబ్బా కాస్త ఇస్తావా తల్లీ?"

తెర వెనక మిషను టక్కున ఆగింది.

"నీకు జ్వరమేమైనా వచ్చిందా?" అంది అసలు చెల్లెలు, తల బయటపెట్టి. "అలా పిలవకు. నా ఒళ్ళు జలదరిస్తోంది."

"ఏడేళ్ళనుంచీ నువ్వే కదే ప్రాణం తీస్తున్నావు?"

"ఇప్పుడు వద్దంటున్నాగా! మామూలుగా పిలువు."

"సరే. ఒసేయ్, డబ్బా ఎక్కడ తగలేశావు?"

"నీ మొహం ముందరే ఉంది, చూసుకో," అని ఆవిడ హాయిగా మిషను తొక్కింది.

మూట తీసుకోవడానికి వచ్చిన నర్సు ఇదంతా విని మూతి ముడిచింది. "అయినా అన్నయ్యా, ఇన్నేళ్ళలో నన్నొక్కసారైనా ఒసేయ్ అన్నావా? ఎంతసేపూ అమ్మా, తల్లీ అంటూ పరాయిదాన్ని చూసినట్టు చూస్తావు."

లాండ్రీ అన్నయ్య తెర వైపు చూశాడు. తెర వెనకనుంచి సమాధానం వచ్చింది.

"ఆ పిలుపు ఊరికే రాదమ్మా. క్యూలో నిలబడాలి. నేను ఏడేళ్ళు నిలబడ్డాను."