రగ్బీలోనూ నాకు మగ్గమే

మా పిన్ని కూతురు స్వాతి ఇంత పని చేస్తుందనుకోలేదు.

రాజంపేటలో మేమిద్దరం రగ్బీకి పోవడం మొదలుపెట్టి వారమైంది. ఎవరు ఏ స్థానంలో ఆడాలో ఈ రోజు సాయంత్రం తేలుస్తామన్నారు కోచ్ సారు. నాకు వింగ్ కావాలి. మైదానం అంచున నిలబడి, బంతి అందగానే చివరి గీత దాకా పరుగెత్తే చోటది. కాలేజీ నుంచి రాగానే మగ్గం గుంటలో కూర్చునే నాకు, ఒక్కసారైనా అట్లా పరుగెత్తాలని ఉందని స్వాతికొక్కదానికే చెప్పుకున్నాను.

సారు నా వైపు తిరిగారో లేదో, అదే ముందు నోరు తెరిచింది.

"సార్, మా అక్క దినామూ మగ్గం తొక్కుతాది. కాళ్లు శానా గట్టివి. స్క్రమ్‌లో ఏయండి సార్. నేను వింగ్‌లో ఉంటా."

సారుకు భలే నచ్చింది. ఇంకేముంది, సాయంత్రమంతా పక్కవాళ్ల భుజాలు పట్టుకుని, తల వంచుకుని, నేల చూస్తూ ఎదుటివాళ్లను తోశాను. మగ్గం దగ్గరా ఇంతే కదా, తల కిందికి, బలమంతా కాళ్లలోకి.

ఇంటికొస్తూ అడిగాను. "నాకు పరిగెత్తాలని ఉండాదని నీకు తెల్దా?"

"తెల్సక్కా. ఇద్దరమూ అడిగింటే సారు నిన్నే తీసుకుంటాండె. నువ్వు నాకంటే జోరుగా పరిగెత్తుతావు కదా!"

కొంచెం కూడా సిగ్గుపడలేదు.

అయితే ఒకటి. స్క్రమ్‌లో మేం తోసి గెలిచిన బంతే చేతులు మారి వింగ్‌లో ఉన్న స్వాతి దగ్గరికి పోవాలట. రేపట్నుంచి అది అంచున చేతులు చాచుకుని నిలబడుతుంది. మీరే చెప్పండి, నేనెంత గట్టిగా తోయాలి?