అచ్యుతరావు గారి తిట్ల బేరం

మా పై వాటాలో ఉండే అచ్యుతరావు గారికి ఏదైనా నచ్చిందంటే తిడతారు. ఎంత నచ్చితే అంత తిడతారు. నచ్చకపోతే మాత్రం ఎంతో మర్యాదగా "బాగుంది" అంటారు. శ్రీనగర్ కాలనీలో ఈ సంగతి తెలియని మనిషి లేడు, తెలిసేలోపు బాధపడని మనిషీ లేడు.

నా సంగతే చెబుతాను. మేం హాలుకి కొత్త రంగు వేయించి, ముచ్చటపడి ఆయన్ని పిలిచాం. గుమ్మంలో నిలబడి నాలుగు గోడలూ చూసి "బాగుందోయ్" అన్నారు. మా ఆవిడ మురిసిపోయి కాఫీ ఇచ్చింది. సాయంత్రం ఆయన భార్య అరుణాదేవి పిన్నిగారు మెల్లగా దిగొచ్చి, "మీ బాబాయ్ బాగుందన్నారటగా, ఏమీ అనుకోకండి నాయనా" అని ఓదార్చి వెళ్లారు. రంగు మార్పించాం. ఈసారి ఆయన తొంగిచూసి, "ఏంటోయ్ ఈ డొక్కు రంగు? ఇది హాలా, పశువుల ఆస్పత్రా?" అన్నారు. ఆ పూట మా ఇంట్లో పాయసం చేసుకున్నాం.

ఇదంతా బేరాల వల్ల వచ్చిన జబ్బు. కొనేవాడి నోట మెచ్చుకోలు వస్తే అమ్మేవాడు నెత్తికెక్కుతాడని వాళ్ల నాన్నగారు చిన్నప్పుడు చెప్పారట. పెద్దాయన వంకాయల గురించి చెప్పి ఉంటారు. కొడుకు జీవితం మొత్తానికి అన్వయించుకున్నాడు.

అమీర్‌పేటలో హాస్టళ్ల సందు మొదట్లో నాగేశ్వరి టిఫిన్ బండి ఉంది. ఆదివారం పొద్దున్నే మేమిద్దరం అక్కడికి వెళతాం. అచ్యుతరావు గారు దోసె ముక్క నోట్లో పెట్టుకోగానే మొదలుపెడతారు.

"దీన్ని అట్లకాడతో తిప్పావా, పారతో తిప్పావా?"

"పారతోనే తిప్పిన సార్. ఇంకోటెయ్యాల్నా?"

"వెయ్యి. ఆ డొక్కు చట్నీ కూడా ఇంకాస్త పొయ్యి."

నాగేశ్వరి నవ్వుతూ నా వైపు తిరుగుతుంది. "సారు తిట్టిండంటే ఆ రోజు గిరాకీ మస్తుంటది. మొన్న ఇడ్లీ మంచిగుందన్నడు. పిండి పారబోసిన."

అలాంటి మనిషి ఒక కారు మీద మనసు పడ్డారు. మామూలు కారు కాదు. ఇటలీ వాళ్ల పాతకాలపు స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, నిమ్మపండు రంగు, నేలకి జానెడు ఎత్తు. ఊళ్లో అలాంటిది ఇంకోటి లేదంటారు. దాని పేరు పలకడానికి మా నోళ్లు తిరగవు కనుక మేం నిమ్మకాయ కారు అనేవాళ్లం. ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్యుతరావు గారు పంజగుట్టలో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉంటే, ఏదో సినిమా షూటింగ్ కోసం ఈ కారు ఆయన ముందునుంచి వెళ్లింది. వెళుతూ వెళుతూ గుంటలోని నీళ్లు ఆయన తెల్ల ప్యాంటు మీద కొట్టింది. ఆ రోజు ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లింది. ఈయన ఆ సందు మలుపునే చూస్తూ నిలబడి "డొక్కు బండి" అన్నారట. పక్కవాళ్లు కోపం అనుకున్నారు. అది ప్రేమ.

ఇన్నేళ్లకు ఆ కారు అమ్మకానికి వచ్చిందని కబురు తెలిసింది. గుంటూరు పక్కన ఉన్న చిన్న స్థలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది.

"నీకు డ్రైవింగ్ రాదుగా బాబాయ్?" అన్నాను.

"కారు కొనాలంటే డ్రైవింగ్ ఎందుకోయ్? వీణ కొన్నవాళ్లందరికీ వీణ వచ్చా?"

పిన్నిగారు ఒకే షరతు పెట్టారు. "ఆ డబ్బులో కొంత మిగల్చాలి. మిగిలినదాంతో నా వంటింటి గట్టు మార్పించాలి. అది నా పెళ్లి కంటే పాతది." ఆయన సరేనన్నారు. వంటింటి గట్టు మీద ప్రమాణం చేసి బేరానికి బయలుదేరారు. నన్ను సాక్షిగా పట్టుకెళ్లారు.

మొదటి డీలరు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ మేడ మీద ఉన్నాడు. కింద అంతస్తుల్లో పిల్లలు కంప్యూటర్ పాఠాలు వింటుంటే పైన అతను ఫోన్లో ఫోటో చూపించాడు. అచ్యుతరావు గారు కళ్లద్దాలు సర్దుకుని, "ఇది కారా, చెప్పుల స్టాండా?" అన్నారు. డీలరు దడుచుకున్నాడు. రెండో డీలరు ఎర్రమంజిల్ వైపు ఉన్నాడు. అతనూ ఫోటోయే చూపించాడు. ఈయన దాన్ని ఇంకా ఘోరంగా తిట్టారు. బయటికొచ్చాక నా చెవిలో, "ఊళ్లో ఇవి రెండున్నాయోయ్, పోటీ పెట్టి ధర దించుదాం" అన్నారు.

తర్వాత తెలిసింది. రెండు ఫోటోల్లోదీ ఒకటే కారు. అది పంజగుట్ట ఫ్లైఓవర్ వెనక సాయికిరణ్ అనే కుర్ర డీలరు షెడ్డులో ఉంది. మిగతా ఇద్దరూ అతనికి ఫోన్ చేసి, "గా బండి కోసం ఎవరో గట్టి పార్టీ తిరుగుతుండు" అని చెప్పారు. అంటే అచ్యుతరావు గారు తనకి తానే పోటీ వచ్చి ధర పెంచుకున్నారన్నమాట.

మూడోసారి పిన్నిగారు కూడా వచ్చారు. షెడ్డులో నిమ్మకాయ కారు నిజంగా కళ్ల ముందుంది. అచ్యుతరావు గారు దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తూ తలుపులకి ఒక తిట్టు, దీపాలకి ఒక తిట్టు, చక్రాలకి తలా ఒకటి సమర్పించారు. సాయికిరణ్ మొహం వాడిపోయింది. పిన్నిగారికి చాయ్ ఇస్తూ మెల్లగా అడిగాడు.

"ఏందమ్మా, సార్‌కు బండి అస్సలు నచ్చలేనట్టుంది?"

పిన్నిగారు జాలిగల మనిషి. కుర్రాడు బాధపడతాడని నిజం చెప్పేశారు. "అయ్యో, అదేం లేదు బాబూ. నన్ను పెళ్లిచూపుల్లో చూసి, 'ఈ అమ్మాయి ముక్కేంటి, కోడిపుంజు ముక్కులా ఉంది' అన్నారు. ఆ నెల్లోనే ముహూర్తం పెట్టించారు."

సాయికిరణ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కారు వైపు చూశాడు. అప్పుడే అచ్యుతరావు గారు స్టీరింగు పట్టుకుని, "ఇది బండి కాదు, తుక్కు. పాతసామాన్లవాడు కూడా ఉల్లిపాయలివ్వడు" అంటున్నారు.

"సార్, ఒక్క మాట," అన్నాడు సాయికిరణ్ వినయంగా. "పొద్దుగాల ఫోన్ల రేటు తప్పు చెప్పిన. గంతకంటె జర ఎక్కువనే ఉంటది."

ఆ రోజు ఆయన ఎన్ని తిట్లు తిట్టారో ధర అన్ని మెట్లు ఎక్కింది. గుంటూరు స్థలాన్ని దాటి పోయింది. ఆటోలో వస్తూ పిన్నిగారు జరిగింది చెప్పేసరికి అచ్యుతరావు గారు వేళ్లు మడిచి ఏవో లెక్కలు వేసుకున్నారు. చివరికి, "అయితే మెచ్చుకుందాం. మెచ్చుకుంటే నచ్చలేదనుకుని దించుతాడు" అన్నారు.

ఉపాయం బాగానే ఉంది. కానీ ఆ నోటికి మెచ్చుకోవడం అలవాటు లేదు. ఇంట్లో సాధన మొదలుపెట్టారు. పొద్దున్నే "ఉప్మా చాలా బాగుంది అరుణా" అన్నారు. పిన్నిగారికి సంగతి తెలిసి కూడా కళ్లనీళ్లు తిరిగాయి. మళ్లీ ఉప్మా చేయనని లేచి వెళ్లిపోయారు. పార్కులో తోటి నడకమిత్రుడితో "ఈ మధ్య మీరు ఆరోగ్యంగా కనిపిస్తున్నారు" అన్నారు. ఆ పెద్దమనిషి తిన్నగా వెళ్లి రక్తపరీక్షలు చేయించుకున్నాడు. కాలనీ అంతా గందరగోళమైపోయింది. "త్వరగా ఆ కారేదో కొనిపించండి" అని జనం నన్ను బతిమాలారు.

చివరికి ఒక శనివారం మేం ముగ్గురం మళ్లీ షెడ్డుకి వెళ్లాం. అచ్యుతరావు గారు జేబురుమాలుతో నుదురు తుడుచుకుని, కారు ముందు నిలబడి, పళ్లు పీకించుకునేవాడిలా నోరు తెరిచారు.

"బాగుంది."

సాయికిరణ్ ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నరు సార్?"

"చాలా బాగుంది. రంగు బాగుంది. సీట్లు... సీట్లు కూడా అందంగా ఉన్నాయి."

"గట్లంటరేంది సార్, జర మంచిగ చూడుండ్రి. మొన్న తుక్కు అంటిరి గద."

"అప్పుడు సరిగ్గా చూడలేదు నాయనా. అద్భుతమైన బండి."

కుర్రాడు కుప్పకూలిపోయాడు. గిరాకీ చేజారిపోతోందని ధర దించాడు. ఈయన హారన్‌ని మెచ్చుకున్నారు. ఇంకా దించాడు. అద్దాల్ని, తలుపు పిడిని మెచ్చుకునేసరికి ధర మేం కలలో కూడా అనుకోనంత కిందికి దిగి కూర్చుంది. పిన్నిగారు నా చెయ్యి గిల్లారు. వంటింటి గట్టే కాదు, వంటిల్లు మొత్తం మారిపోయే ధర అది. ఇక టోకెన్ ఇచ్చి చేతులు కలపడమే మిగిలింది.

అప్పుడే షెడ్డు బయట స్కూటీ ఆగింది. ఒక అమ్మాయి నడుపుతోంది, వెనకనుంచి ఒక పెద్దావిడ దిగారు.

"బండి వీళ్లదే సార్," అన్నాడు సాయికిరణ్. "బతూల్ ఆంటీ. నేను ఉట్టి కమీషన్ మీద అమ్ముతున్న. ఈమె బిడ్డ సబా."

బతూల్ గారి భర్త ఒకప్పుడు కృష్ణానగర్‌లో షూటింగులకి కార్లు అద్దెకిచ్చేవారట. ఆ కారు ఆయన ముద్దుబిడ్డ. ఆవిడ వస్తూనే దుపట్టా కొంగుతో దాని బానెట్ మీది దుమ్ము తుడిచి, "ఎంతకు తెగింది బేటా?" అని అడిగారు.

సాయికిరణ్ నసుగుతూ చెప్పాడు.

ఆవిడ బానెట్ మీద కొంగు ఇంకోసారి తిప్పారు. తర్వాత కూతురి వైపు తిరిగి నవ్వారు. "హౌ, మంచిదే. సబా ఫిజియోథెరపీ క్లినిక్ పెడతనంటే అమీర్‌పేటల గది చూసినం సాబ్. గీ రేటుకు సగం గదే వస్తది. ఫికర్ లేదు. సగం గదిల కూసొని, వచ్చినోళ్లకు ఒక్క కాలే చూస్తది."

"అమ్మీ, ఊకో," అంది సబా. తను కూడా నవ్వింది కానీ, చేతిలో ఉన్న స్కూటీ తాళాన్ని చూస్తూ నవ్వింది.

అచ్యుతరావు గారు టోకెన్ కోసం జేబులో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎక్కువిస్తాను తీసుకోండమ్మా అనడం ఆ నోటికి పుట్టుకతో రాదు. ఆయన కారు వైపు తిరిగారు. గొంతు సవరించుకున్నారు.

"ఏంటయ్యా ఈ డొక్కు బండి?"

సాయికిరణ్ చెవులు నిక్కాయి.

"ఈ తలుపేంటి, రేకుడబ్బా మూతలా ఉంది. ఈ దీపాలేంటి, జ్వరం వచ్చిన కప్ప కళ్లలా?"

"సార్, టోకెన్ ఇంకా పడలే," అన్నాడు సాయికిరణ్ ఆత్రంగా. "నేను చెప్పిన రేటు జర మళ్ల చూస్త."

బతూల్ గారికి కోపమొచ్చింది. "ఏం మాట్లాడుతుండు గీ సాబ్? కొనేటోడు కొనాలె, నై అంటే పోవాలె."

సాయికిరణ్ ఆవిడ చెవిలో గుసగుసలాడాడు. "ఆంటీ, తిట్టనియ్యుండ్రి. ఎంత తిడితె అంత మంచిది. నా మాటినుండ్రి."

నేను అచ్యుతరావు గారి చొక్కా లాగాను. "బాబాయ్, ఏం చేస్తున్నావ్? చేతికొచ్చిన బేరం." ఆయన నా వైపు చూడలేదు. పిన్నిగారి వైపు చూశారు. పిన్నిగారు ఆయన్ని చూశారు, ఆ పిల్లని చూశారు. పెళ్లి కంటే పాతదైన తన వంటింటి గట్టుని కూడా మనసులో ఒకసారి చూసుకునే ఉంటారు.

"డిక్కీ చూడలేదేమండీ," అన్నారు. "అందులో కూడా ఏదో ఒక వంక ఉండే ఉంటుంది."

డిక్కీ తెరిచారు. "ఇది డిక్కీయా, పోపుల పెట్టా?" ధర ఎక్కింది. ఇంజను చూసి, "దీనికంటే నా గురక నయం" అన్నారు. ఇంకా ఎక్కింది. సంగతేమిటో బతూల్ గారికి సగమే అర్థమైంది గానీ, ఆవిడ కూడా ఒక చెయ్యి వేశారు. "వానొస్తె ఎడమ పక్క నీళ్లు సుత కారుతయి సాబ్," అన్నారు గర్వంగా.

"కారతాయా? అయితే ఇది కారు కాదమ్మా, జల్లెడ."

ధర గుంటూరు స్థలం దగ్గరికి వచ్చింది. సరిగ్గా అక్కడ అచ్యుతరావు గారు నోరు మూసుకున్నారు. ఆయన తిట్టడం మొదలుపెట్టాక మధ్యలో ఆగడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అప్పుడు వెలిగింది నాకు. టోకెన్ ఇచ్చారు, చేతులు కలిపారు. సాయికిరణ్ అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు.

"కావాలనే చేశావు కదూ?" అన్నాను చాటుగా.

"నోరు జారిందోయ్. పాత అలవాటు," అన్నారు బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

లెక్కలన్నీ తేలి, కాగితాలు మారి, కారు ఇంటికి తెచ్చుకునే రోజు వచ్చింది. ఈయనకి నడపడం రాదు. నాకా, అందులో దూరడమే రాదు. బతూల్ గారు దుపట్టా నడుముకి బిగించి తాళం తీసుకున్నారు. "మా మియా పక్కన కూసొని నేర్పిచ్చిండు. నేనే దింపుత, రాండ్రి."

పిన్నిగారూ నేనూ వెనక ఆటోలో బయలుదేరాం. పంజగుట్ట సిగ్నల్ దగ్గర జనం ఫోన్లు తీశారు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. నిమ్మకాయ కారు ఒక్కసారి గర్జించి రెండు బస్సుల మధ్యనుంచి సర్రున దూసుకుపోయింది. మా ఆటో అన్న హారన్ మీద చెయ్యేసి, "అమ్మ బాబోయ్, గా పెద్దమ్మ ఏం నడుపుతుందన్నా" అన్నాడు. మేం కాలనీ చేరేసరికి గేటు ముందు గుంపు. అచ్యుతరావు గారిని ఆ సీట్లోంచి ఇద్దరు కుర్రాళ్లు బావిలోంచి తోడినట్టు బయటికి లాగుతున్నారు. ఉన్న నాలుగు వెంట్రుకలూ నిటారుగా నిలబడి ఉన్నాయి. మొహం వెలిగిపోతోంది.

"ఎట్లుంది సాబ్ నా డ్రైవింగ్?" అని అడిగారు బతూల్ గారు.

ఆయన గేటు పట్టుకుని ఊపిరి కూడగట్టుకున్నారు. "ఇంత డొక్కు డ్రైవింగ్ నా జన్మలో చూడలేదమ్మా."

గుంపులో ఎవరో నొచ్చుకోబోయారు. బతూల్ గారు మాత్రం దుపట్టా ముడి విప్పుకుంటూ హాయిగా నవ్వారు.

"అట్లనా? అయితే రేపు సుత వస్త. తయారుండు."