నా కొంగున ఎడమచేతి ముడి

మా వాడలో ఎవరికైనా గాలి సోకిందంటే వేపకొమ్మలతో దులిపేవాళ్ల దగ్గరికి తీసుకుపోతారు. నేను మాత్రం, రెండు పూటలా తిని చేతినిండా పని చేసుకునేవాళ్లకు ఏ గాలీ సోకదని మొహం మీదే చెప్పేదాన్ని. మా తలుపుకు నిమ్మకాయ కట్టలేదు ఏనాడూ. నిమ్మకాయ ఉంటే పచ్చడికి పనికొస్తుంది, ఎండబెట్టి వేలాడదీయడం దేనికి? ఇప్పటికీ మా తలుపుకు ఏమీ లేదు. అయినా ఈ సంగతి జరిగింది. మూడో తరగతి వరకే చదివినదాన్ని, పెద్ద మాటలు రావు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తాండూరు. మేం కురుమవాళ్లం. నా పెనిమిటి ఉన్నన్నాళ్లూ గొర్రెలుండేవి, ఆయన గొంగళ్లు నేసేవాడు. ఆయన పోయాక గొర్రెలమ్మేసి నేను పప్పుమిల్లులో పనికి కుదిరాను. చేటతో కందిపప్పు చెరగడం, రాళ్లూ పుల్లలూ ఏరడం. ఆ పని చేస్తూనే, నాకున్న ఒక్క బిడ్డను, మంజులను పెంచాను, మర్పల్లివాళ్లకిచ్చి పెళ్లి చేశాను. అల్లుడికి ఇక్కడే బండల పాలిష్ పని దొరికితే కాపురం మా వాడలోనే పెట్టారు.

మంజుల కూతురు నవ్య. దానికి రెండేళ్లప్పుడు మా ఇంట్లో పల్లీల చట్నీ నాకించాం. చూస్తుండగానే పెదవులు ఉబ్బి ఊపిరాడలేదు. దవాఖానకు ఎత్తుకుని ఉరికాం. ఈ పిల్లకు జన్మలో పల్లి తగలనివ్వకండి అన్నారు. మంజుల ఆ రోజే రెండిళ్లలో ఉన్న పల్లీలన్నీ తీసి పక్కింటి ఖాజాబీకి ఇచ్చేసింది. అప్పటి నుంచి చట్నీ అంటే నువ్వులదే. ఆ రోజుల్లో మర్పల్లివాళ్లతో మాకు మాటల్లేవు. అందుకని వియ్యపురాలికి ఈ సంగతి తెలియదు, తర్వాత చెప్పాలని అల్లుడికీ తోచలేదు.

ముందటేడు వానాకాలంలో మంజులకు జ్వరమొచ్చింది. వారం తిరగలేదు. అంతకంటే రాయలేను.

అల్లుడు ఏడాదిలోపే మళ్లీ పెళ్లి చేసుకుని మర్పల్లి వెళ్లిపోయాడు. వయసులో ఉన్నవాడు, తప్పుపట్టను. నవ్య నా దగ్గర ఉండిపోయింది.

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దు ఎటు పోతుందో తెలిసేది కాదు. పిల్ల ఆకలి అంటే వినపడేది కానీ లేవబుద్ధయ్యేది కాదు. అన్నం ఖాజాబీ పంపేది. ఒకరోజు ఆమే వచ్చి నా చెయ్యి పట్టి లేపింది.

"ఏందక్కా గిట్ల? బండరాయి తీర్గ కూసున్నవ్. పిల్లను జూడు, ఎట్ల సిక్కిపోయిందో. లెవ్, వికారాబాద్ పోదాం."

"నాకేం రోగముందని?"

"రోగం లేకుంటె డాక్టరమ్మ వాపస్ పంపిస్తది. బస్సు చార్జి నాది, ఫికర్ జేయకు. లెవ్."

వికారాబాద్ దవాఖానలో డాక్టరమ్మ చిన్నది, మా మంజుల వయసే. ఓపికగా అడిగింది, ఓపికగా విన్నది. దిగులు కూడా జ్వరం లాంటిదే అవ్వా, దానికి మందుంది అని రోజుకొక గోళీ రాసింది.

ఆ మందును నేను తిట్టను. నెల దాటేసరికి లేచి నిలబడ్డాను. పొయ్యి వెలిగించాను, పిల్లకు జడ వేశాను, మిల్లుకు పోయాను. మొదటిసారి ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

కానీ ఇంకొకటి మొదలైంది. తలలో పొగమంచు పట్టినట్టుండేది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచేదాన్ని. దుకాణం ముందు నిలబడి ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చేదాన్ని. మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. మిల్లులో నా ముందున్న కుప్ప చెరిగిందో చెరగందో తెలియక, చేట పట్టుకుని అలాగే ఉండిపోయేదాన్ని. అన్నిటికంటే నన్ను కోసేసింది ఏమిటంటే, మంజుల గొంతు గుర్తుకు రాకపోవడం. మొహం కనపడేది. పెదవులు కదిలేవి. మాట వినపడేది కాదు.

ఒకరోజు బడి విడిచే వేళకు నవ్యను తీసుకురావడానికి బయలుదేరి, తిన్నగా బస్టాండుకు పోయి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. పిల్ల బడి గేటు దగ్గర చీకటిపడే దాకా నిలబడింది. ఖాజాబీ వెతికి తెచ్చింది.

ఆ మాట మర్పల్లికి చేరింది. వియ్యపురాలు ఫోన్ చేసింది. "ఏమనుకోకు వదినె. మతి సక్కగ లేనామె కాడ ఆడపిల్లనెట్ల ఉంచుతం? దసరా సెలవులల్ల వచ్చి తోల్కపోతం" అంది.

ఆమె మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. కానీ నవ్య పోతే నా దగ్గర మంజులది ఇంకేమీ మిగలదు.

అప్పటి నుంచి కొంగుకు ముడులేయడం మొదలుపెట్టాను. మాలో ఆడవాళ్లకు ఇది పాత అలవాటే. మరిచిపోకూడని పని ఉంటే కొంగున ముడి వేసుకుంటాం, పని కాగానే విప్పుతాం. నా గతి ఏమిటంటే, ముడి కనపడేది, ఎందుకేశానో తెలిసేది కాదు.

ఒకరోజు పొద్దున్నే గోళీ వేసుకుందామని డబ్బా తీశాను. కొంగున ముడి చేతికి తగిలింది. విప్పితే లోపల గోళీ తీసేసిన రేకు ముక్క. అంటే ఆ రోజుది అప్పటికే మింగానన్నమాట. అంతకుముందు ఎన్నిసార్లు రెండోది మింగానో దేవుడికే తెలియాలి. మంచి ఉపాయం చేశానే అనుకున్నాను.

మర్నాడు కూడా అలాగే రేకు ముక్కతో ముడి ఉంది. విప్పబోయి ఆగిపోయాను. ముడి మెలిక ఎడమకు పడి ఉంది.

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. ఉన్ని వడికేటప్పుడు దారం తెగుతుంటుంది. తెగినచోట ముడి వేసి అతుకుతాం. మా అమ్మ నాకు ఎలా నేర్పిందో చిన్నప్పటి నుంచి నా చెయ్యి అలాగే వేస్తుంది, మెలిక కుడికి పడుతుంది. మంజులది ఎడమచెయ్యి వాటం. అది ముడి వేస్తే మెలిక ఎడమకు పడేది. "నీ బిడ్డ ఎక్కడ అతికిందో కండ్లు మూసుకొని చెప్తా" అని వాళ్ల నాన్న నేస్తూ నవ్వేవాడు. మంజుల వడికిన ఉన్నితో ఆయన నేసిన గొంగడి ఒకటి ఇంకా మా ఇంట్లో ఉంది. దాన్ని తీసుకొచ్చి వెలుతురులో పరిచాను. వేళ్లతో తడిమి ముడులు పట్టుకున్నాను. నా కొంగు ముడి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే.

భయపడలేదు. ఎవరో ఆటలాడుతున్నారనుకున్నాను. నవ్యను పిలిచి నా కొంగుకు ముడి వెయ్యమన్నాను. దాని మెలిక కుడికే పడింది. ఖాజాబీని అడిగాను. ఆమె ముడి కూడా కుడికే పడింది, పైగా నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వే కట్టినవక్కా, మర్చిపోయినవ్."

"మర్చిపోయిన సరే. చెయ్యెట్ల మారుతది?"

ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎడమచేత్తో వెయ్యాలని నేను కూడా కూర్చుని చూశాను. బట్ట జారిపోయిందే కానీ ముడి పడలేదు.

ఆ తర్వాత కూడా ముడులు వచ్చాయి. రోజూ కాదు. ఒకసారి ముడిలో నవ్య రిబ్బను ముక్క ఉంది. చూడగానే బడి గుర్తొచ్చి ఉరికాను. అప్పుడే గేటు తీస్తున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. మతి లేదంటున్నవాళ్లకు ఇది చెబితే పిల్లను ఆ రోజే తీసుకుపోతారు.

దసరా సెలవులిచ్చారు. వియ్యపురాలు వచ్చింది, అల్లుడు వెంట వచ్చి ఆటో మాట్లాడటానికి సెంటర్‌కు పోయాడు. నవ్య బట్టలు అప్పటికే సంచిలో పెట్టి ఉన్నాయి. నేనే పెట్టాను. పిల్ల నా పక్కనే, నన్ను ఆనుకుని కూర్చుంది.

వియ్యపురాలు స్టీలు డబ్బా తీసింది. "ఇగో నవ్యా, నీ కోసం లడ్డూలు చేసుకొచ్చిన. రా, నాయనమ్మ కాడికి రా. మొఖం గట్ల పెట్టకు, మర్పల్లిల పులులున్నయా?" అని నవ్వించబోయింది. పిల్ల కొంచెం నవ్వింది. చెయ్యి చాచింది.

నాకు వాసన తగిలింది. వేయించిన పల్లీలు, బెల్లం. ఆ వాసనకు నేను ఏదో చెయ్యాలి. ఆ మాత్రం తెలుస్తోంది. ఏం చెయ్యాలో రావడం లేదు. తల ఏమీ రాయని పలకలాగా ఉంది. నవ్య లడ్డూ నోటి దగ్గరికి తీసుకుపోతోంది. నేను చూస్తూ కూర్చున్నాను.

కంగారులో కొంగు నలుపుకుంటుంటే చేతికి ముడి తగిలింది. పొద్దున స్నానం చేసి పెట్టెలోంచి తీసి కట్టుకున్న చీర అది. కట్టుకునేటప్పుడు ముడి లేదు. విప్పాను. లోపల పల్లికాయ పొట్టు ఉంది. ఎండిన సగం డొల్ల.

మా ఇంట్లోకి పల్లికాయ వచ్చి ఏళ్లయింది.

లడ్డూ మీద ఎప్పుడు కొట్టానో తెలియదు. గోడకు తగిలి పగిలింది. వియ్యపురాలు లేచి నిలబడింది.

"ఇదేం పిచ్చి వదినె! పిల్ల నోటికాడిది కొడ్తరా ఎవరన్న?"

"పల్లీలు! దానికి పడయి! సస్తది పిల్ల!"

ఆమె నమ్మలేదు. నవ్య వైపు తిరిగింది. లడ్డూ కొరకనైనా లేదు, పెదవికి తాకిందంతే. ఆ తాకినచోటే పెదవి ఉబ్బుతోంది. నోరు కడిగి, అల్లుడు తెచ్చిన ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం. సూది వేశారు. లోపలికి పోయి ఉంటే కష్టమయ్యేదన్నారు. సాయంత్రానికి పిల్ల తేరుకుంది.

దవాఖాన బల్ల మీద వియ్యపురాలు నా పక్కన కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. "నా చేతులతోని నేనే సంపుకుంటుంటి వదినె" అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "పిల్ల నీ కాడనే ఉండని. గని నువ్వు జర మల్ల డాక్టరమ్మకు సూపించుకో. నేను గూడ వస్త" అంది.

ఇద్దరం రైలెక్కి వికారాబాద్ పోయాం. మతిమరుపు సంగతంతా చెప్పాను. ముడుల సంగతి కూడా చెప్పాను, దాచలేదు. డాక్టరమ్మ నవ్వలేదు. కొందరికి ఈ మందుతో తల మొద్దుబారినట్టు ఉంటుందని, దిగులుతో కూడా అలా అవుతుందని, రెండోది మింగిన రోజుల్లో ఇంకా ఎక్కువై ఉంటుందని చెప్పింది. ఇంత పరేషాన్ అవుతూ ముందే ఎందుకు రాలేదని కోప్పడింది. నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు, నేను మెల్లగా తగ్గించి వేరేది ఇస్తానంది. ముడుల గురించి, మనిషి తనకు తెలియకుండానే కొన్ని పనులు చేస్తుంది అవ్వా అంది. కావచ్చు. ఎడమచెయ్యి ఎక్కడిదని అడిగాను. పల్లిపొట్టు ఎక్కడిదని అడిగాను. అది నాకు తెలియదు అంది. తెలియనిదాన్ని తెలియదంది, అందుకే ఆమె మీద నాకు గౌరవం.

కొత్త గోళీలతో పొగమంచు విడిపోవడానికి చలికాలమంతా పట్టింది. ఒకరోజు మిల్లులో పప్పు చెరుగుతుంటే, ఉన్నట్టుండి మంజుల గొంతు తలలో వినిపించింది. "అమ్మా, సాలు తియ్యే, ఇగ లెవ్" అని సాయంత్రాలు వచ్చి నన్ను కసిరేది కదా, ఆ మాట, ఆ గొంతు. చేట కింద పెట్టి ఏడ్చాను. అందరూ నాకేదో అయ్యిందనుకున్నారు. నాకు బాగైంది, అంతే.

కానీ బాగైన కొద్దీ ముడులు రావడం తగ్గింది. తర్వాత మొత్తానికే ఆగిపోయాయి. ఎన్నో పొద్దులు లేస్తూనే కొంగు తడుముకున్నాను. ఉత్త కొంగే. కావాలని గోళీ వేసుకోవడం మరిచినట్టు కూర్చుని కూడా చూశాను. ఎవరూ రాలేదు. మతి తిరిగొచ్చింది కాబట్టి ఇక అవసరం లేదనుకుందో ఏమో.

ఆఖరి ముడి ఒకటి మిగిలింది. నా నీలం చీర కొంగున ఉంది, మెలిక ఎడమకే. లోపల మెత్తగా ఏదో తగులుతుంది. దాన్ని విప్పలేదు. ఉతికేటప్పుడు ఆ మూల పిడికిట్లో పట్టుకుని మిగతాదే తడుపుతాను. "అమ్మమ్మా, ఇప్పి సూడొచ్చు కదా" అంటుంది నవ్య. అన్నీ గుర్తొచ్చాయి నాకు, ఆ ముడి దేనికో తప్ప.

మొన్న చూపించుకోవడానికి ఆ చీరే కట్టుకుని పోయాను. డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగింది.

"ఇప్పుడు ఏమన్న మర్చిపోతున్నవా అవ్వా?"

"ఒక్కటి."

"ఏంది?"

"అదే గుర్తుంటే, మర్చిపోయినట్టెట్లయితది బిడ్డా?"

ఆమె నవ్వింది. నేను కొంగును పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.